గోతాం మీది మాట

జూన్ 4

తమ్ముడూ,

ఇక్కడంతా బాగానే ఉన్నాం. నిన్న వాన లేదు. ఈరోజు పడింది. రెండు లారీలు దిగాయి. ఒకదాని టార్పాలిను చిరిగి గోతాలు తడిశాయి. షెడ్డులో అడ్డంగా తాళ్లు కట్టి ఆరేశాం. పిన్ని నడుంనొప్పి అలాగే ఉంది గానీ పైకి చెప్పదు. లేచేటప్పుడు కింద ఏదో పారేసుకున్నట్టు కాసేపు వంగి వెతుకుతుంది. నొప్పి వచ్చిందని నాకదే గుర్తు.

నీకొక సంగతి రాయాలని వారంగా అనుకుంటున్నాను. మనిద్దరిదీ ఒకే కంపెనీ అయినా నువ్వు హెడ్డాఫీసు మూడో అంతస్తులో ఉంటావు, నేను ఈ రేకుల కింద ఉంటాను. అక్కడ పుస్తకాలుంటాయి. ఇక్కడ చిరిగిన గోతాలు తప్ప ఏమీ ఉండవు. నేను అక్షరాలు నేర్చుకున్నది వాటి మీది అచ్చుల్లోనే కాబట్టి, కొత్త లాటు వస్తే ముందు చిరుగు చూడను, అచ్చు చూస్తాను. అలవాటు.

ఏ దేశం గోతాం మీద ఆ దేశం భాష ఉంటుంది. 'తడి తగలనివ్వొద్దు' అనే ముక్కకే ఎన్ని వేషాలో. ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు. కానీ ఒక చిన్న మాట మాత్రం ఎక్కడ చూసినా ఒకే ముఖంతో ఉంది. ఒకదాని మీద సాక్. ఒకదాని మీద సాకో. ఒకదాని మీద సక్కో. ఇంకోదాని మీద ముందు అక్షరం మారి జాక్. నేను చదివినట్టు రాశాను, తప్పయితే దిద్దుకో. గోతాం అనేగా అర్థం? ఇన్ని దేశాలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నాయా, లేక అందరికీ ఒకడే నేర్పాడా?

షెడ్డులో అడిగాను. రేడియో నీకు గుర్తుండే ఉంటుంది, నోటికి తాళం లేని మనిషి. "ఏముంది మేస్త్రీ, అన్నీ ఒక్క దర్జీయే కుట్టుంటాడు" అంది. పిన్ని దబ్బనం ఆపకుండానే, "ఇన్ని ఊళ్లు తిరిగీ పేరు మార్చుకోలేదంటే ఎక్కడా అప్పు చేసి ఉండదు" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం జవాబు దొరకలేదు.

తీరిక ఉంటే చూసి రాయి. లేకపోతే వద్దు.

అన్నయ్య

జూన్ 12

అన్నయ్యా, నమస్కారం.

నీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. భోజనాల వేళ విప్పాను. చదవడం అయ్యేసరికి చేతికి అంటిన అన్నం ఎండిపోయింది. ఇరవై ఏళ్లు గోతాల మధ్య ఉండి నువ్వడిగిన ప్రశ్న, పదేళ్లు ఈ కాగితాల మధ్య ఉన్న నాకు ఒక్కసారైనా రాలేదు చూడు.

సాయంత్రం లైబ్రరీలో కూర్చున్నాను. నువ్వు చదివింది తప్పు కాదు. ఇంగ్లీషులో, ఫ్రెంచిలో సాక్. స్పానిష్, పోర్చుగీసుల్లో సాకో. ఇటాలియన్లో సక్కో. డచ్చివాళ్లది జాక్. జర్మన్లు రాసేది ఇంగ్లీషు వాళ్లలాగే, పలికేది మాత్రం జాక్ అనే. ఆ పక్కన చుట్టరికం లేని హంగేరియన్ కూడా దీన్నే తీసుకుని ఝాక్ అంది. వీళ్లందరికీ లాటిన్ నుంచి వచ్చిందట, అక్కడ సక్కుస్. లాటిన్‌కి గ్రీకు నుంచి, అక్కడ సక్కోస్. అంటే మేకవెంట్రుకలతో నేసిన ముతక గుడ్డ. గ్రీకు వాళ్లదీ సొంతం కాదు. సముద్రం అవతల హీబ్రూలో సక్ అని ఉంది, దానికంటే పాత భాషల్లోనూ ఉంది. ఓడల్లో సరుకు తెచ్చిన వర్తకులు దింపిపోయారని పండితుల ఊహ. మాట ఒంటరిగా ప్రయాణం చెయ్యదు అన్నయ్యా, సరుకుతో పాటు పోతుంది. సరుకు ఖర్చయిపోతుంది, మాట ఉండిపోతుంది.

పిన్నికి ఒక కథ చెప్పు. పండితులే నవ్వులాటకి చెప్పుకున్నది. మనుషులంతా కలిసి ఆకాశానికి అంటేలా గోపురం కడుతున్నారట. దేవుడికి కోపం వచ్చి ఒకడి మాట ఇంకొకడికి తెలియకుండా చేశాడు. ఇటుక అంటే సున్నం ఇచ్చారు, సున్నం అంటే తిట్టారు. పని ఆగిపోయింది. ఇళ్లకి పోవాలిగా? అన్ని మాటలూ మర్చిపోయారు గానీ, "నా సంచేదీ?" అని మాత్రం ఎవ్వడూ మర్చిపోలేదట. అందుకే ఆ ఒక్క మాట అన్ని భాషల్లో మిగిలింది.

నాకిప్పుడు ఆశ పుట్టింది. దీని మీద వరసగా రాసి పెట్టుకుందాం, నువ్వూ నేనూ. మాట సంగతి నేను చూస్తాను, వస్తువు సంగతి నువ్వు చెప్పు. గోతాం లారీ దిగిన దగ్గర్నుంచి మళ్లీ కట్టలో చేరేదాకా ఏమేం చేస్తారు? ఎవరి చేతిలో ఏ పని? ఒక్కోదానికి ఎంతసేపు పడుతుంది? నాకు తెలుసనుకోకుండా, కొత్తవాడికి చెప్పినట్టు రాయి.

నీ చిన్నోడు

జూన్ 21

చిన్నోడా,

వాన తగ్గింది. లారీ ఒకటే. పిన్ని కులాసా.

నీ ఉత్తరం షెడ్డులో పైకి చదివాను. మామూలుగా నేను నోరు విప్పను కదా, మొదటి వాక్యానికే దబ్బనాలు ఆగాయి. సంచి కథ దగ్గర రేడియో పడీపడీ నవ్వింది. "మా ఆయనా అంతే. ఇంట్లో ఏం చెప్పినా మర్చిపోతాడు. సంచి ఎక్కడుందో మాత్రం గుర్తు" అంది. మూల కూర్చునే పొడుగావిడ ఉందే, అందరూ సూదిమందు అంటారు, ఆవిడ మాత్రం నవ్వలేదు. "గోపురం కట్టిన కూలీలకి కూలి ముట్టిందా లేదా, అది రాశాడా మీ తమ్ముడు?" అని అడిగింది. రాయలేదన్నాను. "రాయడు" అంది.

నువ్వడిగింది రాస్తున్నాను.

దిగిన గోతాన్ని ముందు కర్రతో కొట్టి దుమ్ము దులుపుతాం. తర్వాత లోపలిది బయటికి తిరగేస్తాం. గోతాం ఎప్పుడూ లోపలి నుంచే చిరుగుతుంది, బయటికి ఆలస్యంగా కనపడుతుంది. తిరగేసినదాన్ని తలుపు దగ్గర వెలుతురుకి పట్టి చూస్తారు. సన్న చిరుగుకి రఫ్ఫు చాలు. అరచేయి పట్టే చిరుగుకి మాసిక వెయ్యాలి. అంతకు మించితే దాన్నే కత్తిరించి వేరేవాటికి మాసికలు చేస్తాం. కుట్టింది పురికొసతో కట్ట కట్టి ఎవరి ముందు వాళ్లు పెట్టుకుంటారు. సాయంత్రం నేను కట్టలు చూసి లెక్క రాసుకుంటాను. కట్టలు తక్కువైన మనిషికి మర్నాడు పని ఉండదు. అది కంపెనీ రూలు.

ఒక్కోదానికి ఎంతసేపు అంటే చెప్పలేను. చిరుగుని బట్టి, చేతిని బట్టి. పిన్ని ఇప్పుడు వెలుతురుకి పట్టి చూడదు. చెయ్యి లోపల పెట్టి వేళ్లతో తడుముతుంది. "కన్ను అబద్ధం చెబుతుందిరా, వేలు చెప్పదు" అంటుంది.

ఇంకో మాట. ఆ గ్రీకువాళ్ల మేకవెంట్రుకల గుడ్డ గుచ్చుకోదా?

అన్నయ్య

జూన్ 30

అన్నయ్యా,

గుచ్చుకుంటుంది, అందుకే కట్టుకునేవారట! ఇంట్లో ఎవరైనా పోతే ఆ పాతకాలం వాళ్లు మెత్తటి బట్టలు తీసేసి, ఆ ముతక సక్ ఒంటికి చుట్టుకుని బూడిదలో కూర్చునేవారు. అంటే అదే మాటకి ధాన్యం పోసేదీ అర్థమే, దుఃఖంలో కట్టుకునేదీ అర్థమే. తర్వాత దానికి పిల్లలు పుట్టారు. ఫ్రెంచివాళ్లు చిన్న సంచిని సాషే అన్నారు. షాంపూ కొంటే వచ్చే పొట్లం పేరు అదే. బడిపిల్లలు భుజాన వేసుకునే సంచిని ఇంగ్లీషులో సాచెల్ అంటారు, అదీ ఈ కుటుంబమే. సైన్యాలు ఊళ్లమీద పడి దోచుకోవడానికి కూడా ఇదే మాట వాడారు. దొరికింది దొరికినట్టు సంచుల్లో వేసుకుపోవడం కదా దోపిడి అంటే.

మనం ఊరికే కూర్చోలేదులే. మన గోనెని ఇంగ్లీషువాళ్లు గన్నీ అని పట్టుకుపోయారు. ఒక సంచి ఇటొచ్చింది, ఒక సంచి అటెళ్లింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. లోపలి నుంచి చిరుగుతుంది అన్నది బాగుంది. పిన్ని సంగతి మాత్రం దిగులేసింది. కళ్లు మరీ మందగించాయా? వేళ్లతో తడిమి కుట్టేదైతే మిగతావాళ్లతో సమానంగా ఎలా వస్తోంది? ఇంకా పెద్దవాళ్లు ఎవరెవరున్నారు, వాళ్లెలా నెట్టుకొస్తున్నారు? రూలు ప్రకారం చూస్తే కష్టమే కదా. దాచకుండా రాయి. ఇంటి మనిషిగా అడుగుతున్నాను.

చిన్నోడు

జూలై 9

చిన్నోడా,

ఈరోజు ఎండ. గోతాలన్నీ ఆరాయి.

నువ్వడిగినదానికి జవాబు రాయాలా వద్దా అని మూడు రోజులు ఆగాను. నాది కాని సంగతి. చివరికి పిన్నినే అడిగాను. "చిన్నోడికేగా? రాయి. వాడు మన షెడ్డు పిల్లాడే" అంది. మిగతావాళ్లూ సరేనన్నారు. సూదిమందు కాసేపు నా ముఖంలోకి చూసి, "మీ ఇంట్లోనే ఉంటుందిగా?" అంది. ఉంటుందన్నాను.

మాలో ఒక పద్ధతి ఉంది. పక్కకి జరపడం అంటాం. సాయంత్రం నేను లెక్కకి లేచే ముందు, చెయ్యి చురుకైనవాళ్లు తమ ముందున్న కట్టల్లోంచి ఒకటో రెండో కాలితో పక్కకి తోస్తారు. అది పక్కామె దగ్గరికి, అక్కణ్ణుంచి ఆ పక్కామె దగ్గరికి వెళ్లి, ఎవరికి తగ్గిందో వాళ్ల ముందు ఆగుతుంది. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. ఇచ్చినామె ఇచ్చానని అనదు, పుచ్చుకున్నామె పుచ్చుకున్నానని అనదు. నేను ఆ కాసేపు తలుపు దగ్గర నిలబడి వాన వస్తుందేమోనని ఆకాశం చూస్తాను. ఎండాకాలంలోనూ చూస్తాను. తిరిగొచ్చేసరికి అందరి ముందూ సరిపడా కట్టలుంటాయి. మొత్తం కట్టల్లో ఒక్కటీ దొంగది కాదు, ఒక్కటీ తగ్గదు. పేర్లే కాస్త అటూ ఇటూ. కంపెనీకి నష్టమేమిటో నాకు ఎంత ఆలోచించినా తోచలేదు.

ఇప్పుడు పిన్నికీ, ఇంకో ఇద్దరు పెద్దవాళ్లకీ జరుగుతోంది. ఒకప్పుడు పిన్ని జరిపేది.

నీకు తెలియని సంగతి ఒకటుంది. అమ్మ పోయిన మరుసటేడు నీకు టైఫాయిడ్ వచ్చింది. పిన్ని పొద్దున నీ తల మీద తడిగుడ్డ వేసి, మధ్యాహ్నానికి గానీ షెడ్డుకి వచ్చేది కాదు. నెల పైనే అలా గడిచింది. ఆ నెలంతా ఆమె కట్టలు ఒక్కరోజు కూడా తగ్గలేదు. నువ్వు తాగిన పాలు ఎవరెవరి చేతి కుట్లో నాకు గుర్తున్నాయి గానీ రాయను. వాళ్లకి నచ్చదు.

ఇది కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి.

అన్నయ్య

జూలై 22

అన్నయ్యా,

ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది. ఇక్కడ కొత్త అధికారి వచ్చాడు. అన్నిటికీ లెక్క కావాలంటున్నాడు.

స్వీడిష్‌లో సెక్. ఐరిష్‌లో సక్. వెల్ష్‌లో సాఖ్. ప్రస్తుతానికి ఇవి దొరికాయి.

నాదొక మాట. పిన్నిని నా దగ్గరికి పంపు, కొన్నాళ్లు ఉంటుంది. ఉంటే ఉండిపోనీ. మేడ మీద గది ఖాళీగా ఉంది, వెలుతురు బాగా వస్తుంది, కళ్ల డాక్టరు వీధి చివరే. ఇంక ఎంతకాలం కుడుతుంది? ఈ నెలలోనే పంపితే మంచిది. ఆలోచించు. నిజంగానే అంటున్నాను.

చిన్నోడు

ఆగస్టు 1

చిన్నోడా,

నీ ఉత్తరం పొట్టిగా వచ్చింది. ఒంట్లో బాగుందా?

పిన్నికి చెప్పాను. మొహం చేటంత చేసుకుంది. అందరికీ తనే చెప్పుకుంది. "మేడ మీద గదట. మెట్లెక్కలేక చస్తాను గానీ, పిలిచాడు చూశావా" అని. కానీ రానంటోంది. "నేను పోతే నా మూల ఖాళీ అవుతుంది. ఖాళీ మూల చూస్తే కంపెనీవాళ్లు అక్కడ సామాను పడేస్తారు" అంటోంది. సాకు అని నాకూ తెలుసు. ఆమెకి ఆ మూలే ఇల్లు.

ఇక్కడ నీ మీద ఒక పుకారు పుట్టింది, నవ్వకు. నువ్వు గోతాల మీద పుస్తకం రాస్తున్నావని రేడియో తేల్చేసింది. తన అసలు పేరు వెయ్యొద్దు, రేడియో అనే వెయ్యాలట, లేకపోతే ఎవరూ గుర్తుపట్టరట. నేను కాదనలేదు. నిజంగానే రాస్తున్నావేమోనని నాకూ లోపల ఉంది.

పోయిన సోమవారం హెడ్డాఫీసు నుంచి ఇద్దరొచ్చారు. మర్యాదగానే ఉన్నారు. గోడకి గడియారం పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారం ఇచ్చి, ఎవరి కట్ట వాళ్లు ఆ రంగుతోనే కట్టాలన్నారు. ఎందుకని అడిగితే, "పనితనం తెలియడానికి" అన్నారు. పిన్నిది పసుపు. నీ మాట మీదే మా షెడ్డుని పట్టించుకుంటున్నారని, ఫ్యాన్లు కూడా వేయిస్తారని రేడియో అంటోంది. నువ్వేమైనా చెప్పావా? చెబితే సంతోషం. రంగుల వల్ల జరపడం కష్టమైంది. ఒక దారి చూస్తున్నాం.

అన్నయ్య

ఆగస్టు 11

తమ్ముడూ,

దీన్ని నీ ఇంటి అడ్రసుకి రాస్తున్నాను. ఎందుకో కింద రాశాను.

శుక్రవారం సాయంత్రం మేనేజరు షెడ్డుకి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దాటని మనిషి. రంగులవారీగా కట్టలు పేర్పించాడు. పసుపు తక్కువ. ఇంకో రెండు రంగులూ తక్కువ. "మీలో పక్కకి జరపడం అని ఏదో ఉందటగా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. "చేతకానివాళ్లని ఇన్నాళ్లు అలా దాచారన్నమాట. మేస్త్రి వెళ్లి ఆకాశం చూస్తాడట."

ఆకాశం సంగతి కూడా తెలుసు.

పిన్నినీ, ఆ ఇద్దరినీ సోమవారం నుంచి రావొద్దన్నాడు. పిన్ని కాసేపు వంగి కింద వెతికింది. తర్వాత లేచి, తన దబ్బనం నూనెగుడ్డలో చుట్టి రేడియో ఒళ్లో పెట్టింది. రేడియో ఆ రోజు ఒక్క మాటా మాట్లాడలేదు. మేనేజరు వెళ్లాక సూదిమందు నా ముందుకొచ్చి నిలబడింది. "మేస్త్రీ, ఇక్కడే కుట్టిన మా అత్త చచ్చిపోయేదాకా ఈ మాట షెడ్డు దాటలేదు. ఇప్పుడు దీనికి కాళ్లెక్కణ్ణుంచి వచ్చాయి?" అంది.

రెండు రాత్రులు ఆలోచించాను. ఆ మాట నేను ఒకే ఒక్కచోట రాశాను, నీకు. నీ ఉత్తరాలు ఆఫీసుకి వస్తాయి. అక్కడెవరో నీ బల్ల మీదివి విప్పి చదువుతున్నారు. ఆ కొత్త అధికారే అయి ఉంటాడు. నువ్వు జాగ్రత్తగా ఉండు. నీకూ ముప్పే. నా ఉత్తరాలు ఉంటే చింపెయ్యి. ఎవరు చదివారో తెలిస్తే రాయి, నేను వచ్చి ఆ మనిషితో మాట్లాడతాను. నాకు మాట్లాడటం రాదు గానీ దీనికి మాట్లాడతాను.

పిన్నిని తీసెయ్యడం పైవాళ్లకి చెప్పి ఆపించగలవా? నీకు అక్కడ పలుకుబడి ఉందంటారు. త్వరగా చూడు.

అన్నయ్య

ఆగస్టు 18

అన్నయ్యా,

ఎవరూ విప్పలేదు. ఎవరూ చదవలేదు. నేనే.

ఏప్రిల్లోనే కంపెనీ అనుకుంది, ఒకటి రెండు తప్ప మాసికల షెడ్లు అన్నీ ఎత్తేసి ప్లాస్టిక్ సంచులు తెద్దామని. ఏ షెడ్డు నిలుస్తుందో తేల్చే నివేదిక నా మీద పెట్టారు. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నిజంగా సంతోషంతోనే లైబ్రరీకి వెళ్లాను. మాట మీద ఆశ అబద్ధం కాదు. జవాబు రాస్తుంటే, అడిగితే నువ్వు చెబుతావు కదా అనిపించింది. మనుషుల్ని పంపితే మీరెవరూ చెప్పరు. అక్కణ్ణుంచి రెండూ కలిసిపోయాయి, ఏది ఎక్కడ మొదలైందో నాకే తెలియదు.

మన షెడ్డు నిలబడాలంటే పని బాగుందని చూపించాలి. మొత్తం సరిగా ఉంది, తగ్గేది ముగ్గురి దగ్గరే, వాళ్లని తీసేస్తే ఇది అన్నిటికంటే మంచి షెడ్డు అని రాశాను. అది నిజం. మిగతా షెడ్లు చాలావరకు మూశారు, మీది మూయలేదు. మిగిలినవాళ్లంతా ఈరోజు పనిలో ఉన్నారు. నువ్వున్నావు. నీ పేరు ఎక్కడా రాయలేదు. పిన్నిని రమ్మన్నది అందుకే, తీసేశారన్న కబురు ఆమె చెవిన పడకముందే ఇక్కడికి తెచ్చేద్దామని. పక్కకి జరపడం అన్న మీ మాటను ఉన్నదున్నట్టు వాడకుండా ఉండాల్సింది. నివేదికలో వేరే మాట పెడదామనుకున్నాను, అంత సరిగ్గా చెప్పేది దొరకలేదు.

ఇంకొకటి కూడా దాచాను. సాక్ అన్న మాటకి ఇంగ్లీషులో నీకు రాయని అర్థం ఒకటుంది. పనిలోంచి తీసెయ్యడం. పూర్వం పనివాళ్లు తమ పనిముట్లు సంచిలో పెట్టుకుని వచ్చేవారనీ, యజమాని ఆ సంచి చేతికిస్తే ఇక రావొద్దని అర్థమనీ అంటారు. జూన్‌లోనే చూశాను. ఒక వాక్యం రాసి కొట్టేశాను.

నువ్వు నా చోట ఉంటే ఏం చేసేవాడివి? అందర్నీ పోనిచ్చేవాడివా? కోపం తగ్గాక ఈ ఒక్కదానికి జవాబు రాయి.

నీ తమ్ముడు

ఆగస్టు 27

తమ్ముడికి,

నీ ప్రశ్నకి జవాబు. అందర్నీ పోనిచ్చేవాణ్ణి కాను. నీ లెక్క తప్పు కాకపోవచ్చు. ఎవరో కొందరు పోక తప్పదని నువ్వు చెప్పి ఉంటే మేమంతా కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. మొదట నా పేరు రాయమనేవాణ్ణి. మేస్త్రి లేకపోయినా గోతాలు కుట్టుకోగలరు. పిన్ని తనే లేచి, నేను పోతానని అనేది. పోవడం వేరు. నువ్వు చెప్పలేదు. నవ్విస్తూ అడిగావు. ఆ నవ్వు ఉత్తరాలన్నీ నేను షెడ్డులో పైకి చదివాను.

నీ పేరు రాయలేదని రాశావు. నేనూ నీ పేరు చెప్పలేదు. నీ ఉత్తరం అందిన రోజే అందర్నీ కూర్చోబెట్టి, మేనేజరుతో టీ తాగుతూ గొప్పకి నేనే ఆ మాట వదిలానని చెప్పాను. సూదిమందు లేచి తన పీట తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఇప్పుడు అందరూ గోడవైపు తిరిగే కుడుతున్నారు. ఎవరి రంగు వాళ్లది. సాయంత్రం నేను తలుపు దగ్గరికి వెళ్లాల్సిన పని లేదు.

పిన్ని నమ్మలేదు ముందు. "నీ నోట్లోంచి మాట రావడమే గగనం కదరా. వచ్చి వచ్చి ఆ ఒక్క మాటే వచ్చిందా?" అంది. అవునన్నాను. "చిన్నోడికి రాయమన్నాను గానీ మేనేజరుకి చెప్పమన్నానా?" అంది. లేదన్నాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. నేను వడ్డిస్తే తినదు, నేను వెళ్లాక తనే పెట్టుకుంటుంది.

ఇది నీ కోసం చేశానని అనుకోకు. ఆమె ఇద్దర్ని పెంచింది. ఇద్దరూ పోయారని ఈ వయసులో ఆమెకి తెలియడం నాకు ఇష్టం లేదు. ఒకడు పోతే చాలు. నాతో ఆమె రోజూ ఉంటోంది కాబట్టి, కోపం వచ్చినా ఎదురుగా తిట్టుకోవచ్చని నేనే పోయాను. ఆమె తిట్టలేదు. అది నేను అనుకోలేదు.

మాటల గురించి ఇక రాయకు. ఏ దేశం ఎవరి దగ్గర తీసుకుందో నాకు అక్కర్లేదు. మాట సరుకుతో పాటు పోతుందని నువ్వే రాశావు. మాది కూడా పోయింది. ఇప్పుడు మేనేజరు పక్క షెడ్డు వాళ్లని కూడా, జరుపుతున్నారా అని మా మాటతోనే అడుగుతున్నాడట.

అసలు సంగతి. పిన్ని నీ దగ్గరికి వస్తోంది. నిన్న నా వైపు చూడకుండా, గోడతో చెప్పినట్టు చెప్పింది. "చిన్నోడి దగ్గరే ఉంటాను. వాడైతే కడుపులో మాట కడుపులో పెట్టుకుంటాడు" అని. నేను ఆపలేదు. ఆపడానికి చెప్పాల్సింది ఒక్కటే ఉంది, అది చెప్పను.

నువ్వు చెబుతావో చెప్పవో నీ ఇష్టం. చెబితే నీ దగ్గర ఉండదు, నేనూ అబద్ధమాడానని తెలిశాక నా దగ్గరికీ రాలేకపోతుంది. చెప్పకపోతే రోజూ ఆమె చేతి అన్నం తినాలి. రెండిట్లో ఏది తేలికో నాకు తెలియదు. నీకు లెక్కలు వచ్చు.

శనివారం రాత్రి బస్సు ఎక్కిస్తాను. ఆదివారం పొద్దున్నే దిగుతుంది. ముందు వరసలో కిటికీ పక్కన ఉంటుంది. ముందే వెళ్లి నిలబడు. మెట్టు ఆమెకి కనపడదు, చెయ్యి అందించాలి. ఎవరి చెయ్యి అని చూడదు, పట్టుకుంటుంది.

అన్నయ్య